ముగ్గుపిండితో గీసిన పార్కు

తామరై నగర్ పేరులో తామర ఉంది గానీ, ఆ వీధుల్లో కంటికి చలువగా ఒక పచ్చని ఆకు కనబడడం కష్టం. తిరుత్తణి ఊరు దాటి రైల్వే గేటు అవతల, ఒకప్పుడు వేరుశనగ పండిన చేలల్లో వేసిన లేఅవుట్ అది. చూస్తుండగానే వరసగా మేడలు లేచాయి. వాటి నడుమ ఒక పెద్ద జాగా మాత్రం ఖాళీగా మిగిలింది. ఇది పూంగా కోసం వదిలిన స్థలమని తమిళంలో రాసిన రేకుబోర్డు ఒకటి ఆ జాగా మూల ఎండకు వెలిసి, ఒక పక్కకు ఒరిగి ఉంది. పూంగా అంటే పార్కు. పార్కు రాలేదు గానీ ముళ్ళతుమ్మ వచ్చింది, ఇళ్ళు కట్టగా మిగిలిన ఇసుకా కంకరా వచ్చాయి, నటరాజన్ కార్లు రెండూ వచ్చాయి.

ఆ నగర్ సంఘానికి సుందరవల్లి అధ్యక్షురాలు. చేనేత సహకార సంఘంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎవరూ ముందుకు రాకపోతే, ఖాళీ కుర్చీని చూసి ఊరుకోలేక తనే కూర్చుంది. ఆ వేసవిలో మున్సిపాలిటీవాళ్ళు ఆమెకొక మాట చెప్పారు. నగర్‌లో అందరూ ఒప్పుకున్న ప్లాను ఒకటి తెచ్చిస్తే, కంచె వేసి, బోరు దించి, మొక్కలు నాటించి ఇస్తామన్నారు. 'అందరూ ఒప్పుకున్న' అన్నచోటనే సుందరవల్లికి చెమట పట్టింది. ఇంటికి వస్తూనే తమ్ముడి కూతురు నివేదకు ఫోన్ చేసింది.

నివేద ఉండేది తిరువళ్ళూరులో. రోజూ లోకల్ రైల్లో చెన్నైకి పోయి, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు తోటలూ పార్కులూ డిజైన్ చేసే ఆఫీసులో పనిచేస్తుంది.

"మే నివేదా, ఆదివారం నువ్వు సుమ్మానే, పనేం లేకుండానే కదా ఉంటావు? ఇట్ల వచ్చిపో. మా నగర్‌కి ఒక పార్కు గీసియ్యాల."

"అంత సులభంగా గీసేదా అత్తా అది? జాగా ఎట్లుందో, ఎంతుందో..."

"అదంతా వచ్చి చూసుకో. నాటుకోడి కొళంబు పెడతా."

నివేద వచ్చింది, చూసింది, కొలతలు తీసుకుని పోయింది. ముళ్ళతుమ్మ కొట్టించి నేల చదును చేయించే పని సుందరవల్లి చూసుకుంది. ఇంకో రెండు ఆదివారాలు పోయాక నివేద లాప్‌టాప్‌లో బొమ్మలు సిద్ధం చేసుకుని మళ్ళీ రైలెక్కింది.

సాయంత్రం సుందరవల్లి ఇంటి మిద్దె మీద మీటింగు పెట్టారు. తెల్ల గోడ మీద ప్రొజెక్టరు బొమ్మ పడింది. నడుమ కోడిగుడ్డు ఆకారంలో పచ్చటి లాన్, దాని చుట్టూ గుండ్రంగా నడిచే దారి, ఒక మూల చిన్న కుంట, అందులో ఫౌంటెన్, సమాన దూరాల్లో బెంచీలు. జనం "అబ్బా" అన్నారు. "సింగపూరు మాదిరి ఉండాది" అని ఒకరు, "ఇది మన తామరై నగరేనా?" అని ఇంకొకరు. నివేదకు సంతోషం వేసింది. తన పని ముగిసినట్టే అనుకుంది.

అప్పుడు ఆరోగ్యస్వామి గొంతు సవరించుకున్నాడు. ఆయన గూడ్సు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి. తమిళం ఆయనది. పక్కింటివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుబడింది గానీ, 'కానీ' అనాల్సిన చోట 'ఆనా' అనే వస్తుంది.

"అంతా బాగుందమ్మా. ఆనా, నేను పొద్దున్నే నడిచే దారి యాడ?"

"ఇదే సార్, లాన్ చుట్టూ."

"చుట్టూనా? బతుకంతా పట్టాల మీద నేరుగా పోయినోణ్ణి. ఇట్ల గుండ్రంగా తిరిగితే నాకు తల తిరుగుతాది."

జనం నవ్వారు. దర్జీపని చేసే గోవిందమ్మ ముందుకు వంగి గోడను పరీక్షగా చూసింది. "పాపా, ఈ బొమ్మలో ఉండే ఆడోళ్ళు ఎవురు? జుట్టు విరబోసుకోని, నిక్కరేసుకోని, కుక్కను పట్టుకోని పోతా ఉండారే? మా వీధుల్లో ఇట్లాంటోళ్ళు ఎవురూ లేరే!"

నివేద ముఖం ఎర్రబడింది. ఆ మనుషులు కంప్యూటర్‌లో ముందే ఉండే బొమ్మలు. ఆఫీసులో ప్రతి పార్కులోనూ వాళ్ళే నడుస్తారు. ఇన్నేళ్ళలో వాళ్ళెవరని అడిగినవాళ్ళు లేరు.

"అదంతా సరే," అన్నాడు నటరాజన్. ఆయన సంఘం కార్యదర్శి. రెండు కార్లను అద్దెకు తిప్పుతాడు, ఒకటి తనే నడుపుతాడు. "నా కార్లు యాడ పెట్టేది?"

"ఇది పార్కింగ్ కాదన్నా, పార్కు."

"పార్కు అన్నాక పార్కింగ్ ఉండాల గదా! పేర్లోనే ఉండాది."

ఈసారి నవ్వు మిద్దె దాటి వీధిలోకి వినబడింది. ఆరోగ్యస్వామి మాత్రం నవ్వలేదు. తెల్లవారుజామున ట్రిప్పుకు పోతూ నటరాజన్ కొట్టే హారన్ మీద ఆయనకు పాత కోపం ఉంది. ఇద్దరికీ మాటలు లేక ఏడాది దాటింది. "ఊరి జాగాలో సొంత కార్లు పెట్టుకొనేదానికి పార్కు దేనికీ, షెడ్డు కట్టించమనండి" అన్నాడు ఆయన గోడవైపు చూస్తూ. "కొందరు నిద్ర లేచేదానికి హారన్ కావాల, ఏం చేసేది" అన్నాడు నటరాజన్ ఆకాశంవైపు చూస్తూ. అక్కణ్ణుంచి మాట మీద మాట లేచింది. ఒకరికి షటిల్ కోర్టు కావాలి, ఒకరికి వినాయకుడి గుడి కావాలి. లాన్ వేస్తే పాములొస్తాయని ఒకరు, ఫౌంటెన్ పెడితే దోమలొస్తాయని ఒకరు. లాప్‌టాప్‌లో బ్యాటరీ అయిపోయి గోడ తెల్లబడింది. అది ఎవరూ గమనించలేదు.

అందరూ పోయాక నివేద ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తూ విసుక్కుంది. "ప్లాను చూసేది తెలీదత్తా వీళ్ళకి. మా ఆఫీసులో ఇట్ల ఒక్కరంటే ఒక్కరు అడగరు."

"ఆడ అడిగేదానికి ఎవురుంటారు? ఇల్లు కట్టకముందే గీసేస్తారు గదా మీరు," అంది సుందరవల్లి. "నాకే తెలీలేదు మే. నువ్వు బొమ్మ చూపిస్తా ఉంటే, అందులో మా ఇల్లు యాడుందో వెతుక్కునేదానికే సరిపొయ్యింది నాకు."

నివేద చేతిలోని కుర్చీని కింద పెట్టింది. తను గీసిన పార్కుల్లో ఒక్కదానికైనా, అది తయారయ్యాక తిరిగి పోయి చూసిందా అని మనసులో అనుకుంది. పోలేదు.

ఆ రాత్రి అత్త ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని మిద్దె మీదికి పోయి నిలబడింది. దూరంగా కొండ మీద గోపురానికి అప్పుడే ఎండ తగులుతోంది. కింద వీధిలో గోవిందమ్మ తన ఇంటి ముందు పెద్ద ముగ్గు వేస్తోంది. పాలబ్బాయి సైకిలు ముగ్గు దాకా వచ్చి, దాని అంచు వెంట పక్కకు తిరిగి పోయింది. పూలబుట్ట ఆమె అలాగే పక్కకు జరిగి నడిచింది. పిల్లలు బడిబస్సుకు పరుగెత్తుతూ కూడా గీతల మీద కాలు పడకుండా ఎగిరి దూకారు. తెల్లని పిండి గీత. వేలితో తుడిస్తే పోతుంది. అయినా వీధి వీధంతా దానికి దారి ఇచ్చింది.

నివేద కాఫీ తాగడం మరిచిపోయింది. కిందికి వచ్చి ఆఫీసుకు సెలవని మెసేజ్ పెట్టింది. "అత్తా, బజార్లో ముగ్గుపిండి మూటల్లెక్కన దొరుకుతుందా?"

"ఎందుకు మే? ముగ్గుల నెల మార్గళి యాడ, ఈ ఎండలు యాడ?"

"పార్కు గీస్తా. నేల మీద, నిజం కొలతల్లో."

మూటలు ఆటోలో వచ్చాయి. నటరాజన్ కారు ఒకటి వర్క్‌షాపులో ఉంది, ఇంకొకదాంట్లో ఆయన తిరుపతికి ట్రిప్పు పోయాడు. జాగా అంతా ఖాళీగా దొరికింది. నివేద టేపు పట్టుకుని, మేకులు కొట్టి, తాడు లాగి మొదటి గీత గీసింది. పిండి గాలికి ఎగిరి సగం ఆమె మీదనే పడింది.

అటుగా పోతున్న గోవిందమ్మ ఆగింది. "తాడు పట్టుకోని ముగ్గేసేది యాడ నేర్చినావు పాపా? ఇట్ల తే."

ఆమె చెంబుతో పిండి తీసుకుని వెనక్కి నడుస్తూ చేత్తో వదులుకుంటూ పోయింది. లాన్ గీత సర్రున సాగింది. తీరా పూర్తయ్యాక చూస్తే, ఒక పక్క కోడిగుడ్డులా ఉంది, ఇంకో పక్క గుమ్మడికాయలా ఉబ్బింది. ఇద్దరూ చూసి పడీపడీ నవ్వారు. "తాడు కూడా ఉండనీలే" అంది గోవిందమ్మ. తర్వాత ఒకరు తాడు పట్టుకున్నారు, ఒకరు పిండి పోశారు. ఎండ ముదిరేలోగా ఇంకా అయిదారుగురు ఆడవాళ్ళు చేరారు. బెంచీలకు పొడుగాటి డబ్బాలు గీశారు, చెట్లకు సున్నాలు చుట్టారు. ఏ సున్నా ఏ చెట్టో నివేద తమిళ అక్షరాల్లో రాసింది. తెలుగు ఆమెకు మాటల్లోనే వచ్చు.

సాయంత్రం ఎండ తగ్గాక తామరై నగర్ ఆ జాగాలోకి వచ్చింది. ముందు చూసిపోదామని వచ్చినవాళ్ళు తర్వాత కదల్లేదు. ఆరోగ్యస్వామి గుండ్రటి దారి మీద ఒక చుట్టు తిరిగి, నిలబడి నుదురు పట్టుకుని చూపించాడు. తల తిరుగుతాదని చెప్పినా కదా అన్నట్టు. గీసిన బెంచీ డబ్బాలో ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని సీరియల్ కథ మొదలుపెట్టారు. మూడో ఆమె వస్తే, "జరుగు జరుగు, జాగా లేదు" అని నిజంగానే ఇరుక్కుని కూర్చున్నారు. చుట్టూ అంత నేల ఖాళీగా ఉన్నా ఎవరూ గీత దాటలేదు. కుంట గీతలో నిలబడిన పిల్లను వాళ్ళమ్మ కేకేసింది. "బయటికి రా మే, గౌను తడుస్తాది!" అని తనే నాలుక కరుచుకుంది.

నివేద ఒక పక్కన నిలబడి చూస్తోంది. తన పార్కులో మనుషులు ఉండడం ఆమె చూడడం ఇదే మొదటిసారి. కంప్యూటర్ బొమ్మలు కావు. చెమట పట్టినవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, మోకాళ్ళు నొప్పులవాళ్ళు.

అంతలో నలుగురు కలిసి ఒక కుర్చీని మోసుకొచ్చారు. కుర్చీలో సెల్లమ్మ ఉంది. ఆమె నటరాజన్ తల్లి. స్నానాల గదిలో జారిపడి తుంటికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమె గడప దాటలేదు. మళ్ళీ పడుతుందేమోనని కొడుక్కి భయం. వీధిలో ఈ సందడంతా వినబడి, నన్ను తీసుకుపోతారా లేదా అని కిటికీలోంచి ఆమే కేకలు పెట్టిందట.

"యాడ దించమంటావవ్వా?" అని అడిగింది నివేద.

సెల్లమ్మ కళ్ళు చికిలించి నేలంతా చూసింది. "ఈ సున్న ఏంది పాపా?"

"వేపచెట్టు."

"అయితే దాని కిందనే వెయ్యండి. ఎండగా ఉండాది."

కుర్చీని సున్నలో పెట్టారు. పడమటి ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడుతోంది. సెల్లమ్మ చీరకొంగు తలమీదికి లాక్కుని హాయిగా వెనక్కి వాలింది.

"నీడ యాడుందవ్వా?" అన్నారెవరో నవ్వుతూ.

"వస్తాదిలే. చెట్టు చిన్నది గదా ఇంకా."

నవ్వు ఆగకముందే రోడ్డు మీది నుంచి కారు మలుపు తిరిగింది. తిరుపతి ట్రిప్పు ముగించుకుని వచ్చిన నటరాజన్ రోజూ వచ్చినట్టే నేరుగా జాగాలోకి ఎక్కించాడు. "చెరువు! చెరువు!" అని జనం ఒక్కసారిగా అరిచారు. ఆయన అదిరిపోయి బ్రేకు తొక్కాడు. తల బయటికి పెట్టి చూస్తే, కారు ముందు చక్రాలు రెండూ కుంట గీతలో ఉన్నాయి.

"మునిగిపోయినావు నటరాజన్ అన్నా!" అంది గోవిందమ్మ. "ఈత వచ్చునా కారుకి?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నటరాజన్‌కు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా జాగా నడుమ తల్లి కనబడింది. ఆయన కారు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఎవురు తెచ్చినారు ఈమెని బయటికి? పడితే ఎవురు చూస్తారు?"

సెల్లమ్మే జవాబు చెప్పింది. "నేనే వచ్చినా. కుర్చీలో కూసోనుంటే యాడ పడతా? నువ్వు ముందు కారు తియ్యి నాయినా, పొగ వస్తా ఉండాది. నా చెట్టుకి మంచిది కాదు."

నటరాజన్ తల్లిని చూశాడు. ఆమె చుట్టూ ఉన్న తెల్లటి సున్నను చూశాడు. ఆమె ముఖంలో ఆ వెలుగు ఆయన చూసి ఎన్నాళ్ళయిందో. పోయి కారు వెనక్కి తీసి రోడ్డు పక్కన ఆపాడు. తిరిగి వచ్చి ఎటు నిలబడాలో తెలియనట్టు తచ్చాడుతుంటే, సెల్లమ్మ పక్కనున్న డబ్బా గీత చూపించింది. "బెంచీ ఉండాది గదా, కూసో." ఇస్త్రీ ప్యాంటుతోనే ఆయన నేల మీద కూర్చున్నాడు. ఆ డబ్బాలో రెండో కొసన ఆరోగ్యస్వామి అప్పటికే కూర్చుని ఉన్నాడు. లేచిపోతే బాగుండదని ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.

నివేద మర్నాడు ఆఫీసుకు పోయింది. ఆ వారం రోజూ అత్త ఫోన్లో కబుర్లు చెప్పింది, సాయంత్రం అయితే జనం జాగాకే వస్తున్నారని. గురువారం పెనుగాలితో ఎండాకాలపు వాన కొట్టింది. తిరువళ్ళూరులో తమ ఇంటి మీద పడుతున్న చినుకుల చప్పుడు వింటూ, తిరుత్తణిలో కూడా ఇలాగే పడుతుంటే తన గీతలన్నీ పోయినట్టేనని నివేద బాధపడింది. ఆదివారం కొత్తగా రెండు మూటలు కొనిద్దామనుకుంటూ పోయింది.

జాగా దగ్గరికి వచ్చేసరికి ఆటోలోనే నోరు తెరిచింది. తెల్లని గీతలతో నేల మెరుస్తోంది. వాన తర్వాత జనం తమంతట తామే మళ్ళీ గీసేశారు. దిగి నాలుగడుగులు వేశాక నవ్వు మాయమైంది. ఇది ఆమె గీసిన పార్కు కాదు.

కుంట ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది. గుండ్రటి దారి లేదు. దాని బదులు కింది వీధి నుంచి షేర్ ఆటోలు ఆగే చోటికి ఒక దారి తాడు పట్టినట్టు నేరుగా పోతోంది. సమాన దూరాల్లో ఉండాల్సిన బెంచీలు జతలుగా ఎదురెదురుగా చేరాయి. ఒకటైతే పార్కుకు వీపు తిప్పి రోడ్డు వైపు చూస్తోంది. ఆమె ముచ్చటపడి పెట్టిన లాన్ చాపంత అయింది. మిగతా అంతా మట్టి నేల. ఇక చెట్ల సున్నాలైతే అడుగు తీసి అడుగు పెట్టడానికి లేకుండా ఉన్నాయి.

"ఎవరు చేశారత్తా ఇదంతా? ఎవరినడిగి చేశారు?" ఆమె కుంట గీత వైపు వేలు చూపింది. "ఇది నా డిజైన్ కానే కాదు."

"నీది కాదని ఎవురన్నారు?" అంది సుందరవల్లి. "నువ్వు గీయకుంటే మేము దిద్దేదానికి ఏముండేది? కోపం పడకుండా ఒక చుట్టు నడిచి చూడు."

నివేద కోపంగానే నడవడం మొదలుపెట్టింది. కుంట గీత దగ్గరికి పోయేసరికి కాలు మెత్తగా దిగింది. అక్కడ నేల ఇంకా తడిగా ఉంది. వాన నీళ్ళు నిలిచింది అక్కడేనట. నీళ్ళు ఆరేలోగా గోవిందమ్మ వాటి అంచు వెంటే గీత లాగింది. నేరుగా పోయే దారి, పొద్దున్నే పనులకు పోయేవాళ్ళు ఎలాగూ అడ్డంగా పోయే దారి. రోడ్డు వైపు తిరిగిన బెంచీ, బడిబస్సు కోసం పిల్లలతో నిలబడే తల్లులది. ఎదురెదురు బెంచీలు చూస్తే ఆమెకు ఆ సాయంత్రం సీరియల్ కథ చెప్పుకున్న ఆడవాళ్ళు గుర్తొచ్చారు. పక్కపక్కన కూర్చుని మాట్లాడడానికి వాళ్ళు మెడలు తిప్పి తిప్పి అలిసిపోయారు. అది తను చూసింది, ఆలోచించలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మారింది. "దారి బాగుంది. కుంట కూడా సరైన చోటే ఉంది," అంది. "కానీ ఆడే చోటు రోడ్డు పక్కన పెట్టారు. బంతి రోడ్డు మీదికి పోతే పిల్లలు దాని వెనకనే పోతారు. లోపలికి తిప్పాల."

ఎవరికీ అది తట్టలేదు. "ఆమా, నిజమే" అన్నారు తల్లులు.

"ఇంకోటి. ఇన్ని చెట్లు బతకవు."

దానికి మాత్రం గొడవ లేచింది. ఎవరి ఇంటి ఎదురుగా వాళ్ళు ఒక్కో చెట్టు గీసుకున్నారు, ఏ ఒక్కటీ తీయనివ్వరు. నివేద కాసేపు విని, ఒక సున్నలోకి పోయి నిలబడింది. "రండి, చేతులు పట్టుకోండి. దూరం దూరంగా. ఇంకా దూరం." పదిమందికి పైగా చేతులు చాచి వలయంగా నిలబడ్డారు. ఆ వలయంలో నాలుగు సున్నాలు ఇరుక్కున్నాయి. "పెద్దదయ్యాక ఒక్క వేపచెట్టు ఇంత ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, ఈ మూడూ ఎక్కడ పెరుగుతాయి?"

చేతులు పట్టుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ చేతుల నడుమ ఎంత నీడ పడుతుందో అప్పుడు అర్థమైంది. "నా చెట్టు తీసెయ్ పాపా," అని ముందుగా గోవిందమ్మ అంది. "ఈ నీడ మా గుమ్మం దాకా వస్తాది." తర్వాత పని తేలిగ్గా సాగింది. అవతలి అంచున నాలుగు కానుగలు, కుంట పక్కన ఒక నేరేడు, నడుమ రెండు వేపలు మిగిలాయి. సెల్లమ్మ సున్న జోలికి ఎవరూ పోలేదు. వీధి నుంచి దాని దాకా మెట్టు లేకుండా, చక్రాల కుర్చీ దొర్లేటట్టు గట్టి దారి ఒకటి ఉండాలని నివేద కొత్త గీత గీసింది.

అప్పటిదాకా చేతులు కట్టుకుని ఊరకున్న నటరాజన్ అడిగాడు. "అంతా సరే పాపా. మా వీధిలో డ్రెయినేజీ కోసం తవ్వి పెట్టినారు. కారు లోపలికి పోదు. నేను మాత్రం ఏం చేసేది?"

ఆరోగ్యస్వామి కొండ వైపు చూస్తూ అన్నాడు. "మా ఇంటి పక్కన నాది ఒక ఖాళీ ప్లాటు ఉండాది. ఆడ పెట్టుకోవచ్చు, కావాలంటే. ఆనా హారన్ మాత్రం కొట్టకూడదు."

నటరాజన్ ఆయన దగ్గరికి జరిగాడు. "హారన్ ఎందుకు కొడతా సార్," అన్నాడు. "మీరు చీకట్లో రోడ్డు నడుమ నడుస్తా ఉంటారు, గుద్దుతానేమోనని భయంతో కొట్టేది. ఇంగ మీరు ఈడ నడుస్తారు గదా."

ఆరోగ్యస్వామి ఆయన వైపు తిరిగాడు. ఏడాదిగా తను తిట్టుకున్న హారన్ తన కోసమే మోగిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "అదా సంగతి!" అని పెద్దగా నవ్వి, నటరాజన్ భుజం మీద చెయ్యి వేశాడు.

నివేద ఆ గీతల కొలతలన్నీ తీసుకుని, ఈసారి వాటి నుంచే ప్లాను తయారుచేసింది. పదిరోజుల తర్వాత మున్సిపాలిటీ ఇంజనీరు దేవేంద్రన్ జాగా చూడ్డానికి వచ్చాడు. ప్లాను కాగితం చేతిలో పట్టుకున్నాడు గానీ, దాన్ని విప్పనివ్వలేదు ఎవరూ. "ఇట్ల రండి సార్, ఇది గేటు", "ఇది బడిబస్సు బెంచీ", "అటు పోవద్దు, కుంట" అని గీతల వెంట తిప్పారు. ఆయన చివరకు కాగితం తెరిచి, నేలతో సరిచూసి, కుంట నిండితే నీళ్ళు డ్రెయినేజీలోకి పోయేదానికి ఒక గొట్టం వేయాలని మాత్రం చేర్చాడు. "అందరూ ఒప్పుకున్నారా?" అని అడిగాడు. "ఒప్పుకున్నాం" అన్న కేకకు కరెంటు తీగ మీది కాకులు లేచిపోయాయి. సుందరవల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఈసారి చెమట కాదు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, మొదటి వానలు పడగానే మొక్కలు నాటారు. కంచె వచ్చింది, బోరు పడింది. దారి వేసిన మరునాడే తడి సిమెంటు మీద మేకపిల్ల ఒకటి నడిచిపోయి గిట్టల అచ్చులు వదిలింది. పూడ్చబోయిన మేస్త్రీని ఆడవాళ్ళు ఆపేశారు, బాగుంది ఉండనీ అని. నివేద ఆ ఆదివారం పొద్దున్నుంచీ గుంతల దగ్గర నిలబడి, ఏ మొక్క ఎంత లోతో చూస్తూ, మోకాళ్ళ దాకా బురదతో తిరిగింది. ఆఫీసులో కొత్తగా వచ్చిన పనికి, అక్కడ ఇళ్ళు కొన్నవాళ్ళను ముందుగా కలిసి మాట్లాడతానని ఆమె పట్టుబట్టింది. బాస్ ఆశ్చర్యపోయి సరేనన్నాడు. ఆ సంగతి చెబితే సెల్లమ్మ, "ఆళ్ళకి ఏం గీస్తావో గానీ, ముందు కాళ్ళు కడుక్కో" అంది.

సాయంత్రం దేవేంద్రన్ ఫోన్ చేసి, గేటుకు కొత్త బోర్డు రాయించాలి, ఏం పేరు పెట్టమంటారని సుందరవల్లిని అడిగాడు. ఆమె ఆ మాట బయటికి అన్నదే తప్పు. కొండ మీది దేవుడి పేరున కుమరన్ పార్కు అని ఒకరు, అబ్దుల్ కలాం పార్కు అని ఒకరు. కుంటలో తామరలు వేస్తున్నాం గనక తామరై పార్కు అని ఆరోగ్యస్వామి, ఇంగ్లీషులో ఉంటే గౌరవంగా ఉంటుందని నటరాజన్. తెలుగులో కూడా రాయించాలని గోవిందమ్మ. అది చదివేవాళ్ళు ఈడ ఎవురుండారని ఇంకొకరు. నేర్చుకుంటారు, బోర్డుంటే గదా నేర్చుకునేది అని మళ్ళీ గోవిందమ్మ. రైలుకు టైమవుతోందని నివేద ఎవరికీ చెప్పకుండా జారుకుని ఆటో ఎక్కింది.

అరక్కోణం దాటాక అత్త ఫోన్ చేసింది. వెనక గొంతులు ఇంకా వినబడుతున్నాయి.

"ఇంగా తేల్లేదు మే. నువ్వొక పేరు చెప్పు, నీ మాటంటే వింటారు."

"నన్ను లాగొద్దత్తా," అని నవ్వింది నివేద. "కుర్చీలేసుకోని నిదానంగా తేల్చుకోండి. కాఫీ అయినా పెట్టినావా వాళ్ళకి?"

"రెండోసారి పెడతా ఉండా."

రైలు పెట్టెలోకి జామకాయల బుట్ట వచ్చింది. నివేద ఒకటి తీసుకుని ఉప్పూ కారం అద్దించుకుంది. ఫోన్ పెట్టేయకుండా చెవి దగ్గరే పట్టుకుని, తిరువళ్ళూరు వచ్చేదాకా ఆ పోట్లాట వింటూ కూర్చుంది.